చలి సడలే వేళ పొలంలో, పెరట్లో పనులు: తరచుగా అడిగే ప్రశ్నలు

చలి తగ్గుముఖం పట్టగానే ఏటా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. గింజ ఎప్పుడు వేయాలి, కొమ్మ ఎప్పుడు కత్తిరించాలి, నారు ఎందుకు పడిపోతోంది... అడిగిన ప్రతివారికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడదామనిపించింది. ఇందులో తేదీలు కావాలనే ఇవ్వలేదు. ఒకచోట మంచు కురుస్తుండగానే ఇంకోచోట ఎండ చురుక్కుమంటుంది. ఒకే ఊళ్ళో పల్లపు చేనూ మెరక చేనూ ఒక్కసారి పదునుకు (దున్నడానికి సరిపడే తడికి) రావు. అందుకే నేలను, మొగ్గను, గింజను చూసి పోల్చుకునే గుర్తులే రాశాను. వరసగా చదవాల్సిన పనిలేదు, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## పనిలోకి దిగే ముందు

పోయినేడు మిగిలిన గింజలున్నాయి. వాడొచ్చా, పారేయాలా?

ముందు మొలక కట్టి చూడండి. పది గింజలు తడిగుడ్డలో దూరదూరంగా పరిచి, చుట్టి, వదులుగా మూసిన డబ్బాలో వెచ్చటి చోట పెట్టండి. పొలానికి వేసే విత్తనమైతే పది చాలవు, వంద పెట్టాలి. గుడ్డ ఆరిపోకూడదు, అలాగని నీళ్ళు కారుతూ ఉండకూడదు. చాలా కూరగాయలకు వారం పది రోజుల్లో సంగతి తేలిపోతుంది. మిరపకు, వంగకు రెండు వారాలు ఆగాలి. పదిలో ఎనిమిది మొలిస్తే నిశ్చింతగా వేసుకోండి. ఆరేడు వస్తే కాస్త ఒత్తుగా వేయండి. సగం కూడా రాకపోతే ఆ విత్తనం మీద ఆశ వదులుకోవడమే మంచిది, ఎందుకంటే మొలిచినవి కూడా నీరసంగానే పెరుగుతాయి.

ఉల్లి గింజను ఏడాది దాటాక నమ్మలేం. బెండ రెండేళ్ళు, మిరప రెండు మూడేళ్ళు, టమాటా నాలుగేళ్ళు, దోస ఐదేళ్ళ దాకా బతుకుతాయి. అదీ చల్లగా, పొడిగా దాచినప్పుడే. వంటింటి గట్టు మీద సీసాలో పెట్టిన గింజకు ఈ లెక్కలు పనిచేయవు.

మట్టి పరీక్షకు మన్ను ఎక్కడ, ఎలా తీయాలి?

ఎరువులు వేయకముందే తీయాలి. చేను అంతా అడ్డదిడ్డంగా నడుస్తూ పది పదిహేను చోట్ల ఆగండి. ప్రతిచోటా పైన ఉన్న చెత్త పక్కకు నెట్టి, 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారంలో గుంట తీసి, ఆ గుంట గోడను పైనుంచి కిందిదాకా పలచగా చెక్కండి. అన్నీ కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండూ తీసేయండి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టి పంపండి. గట్ల వెంట, చెట్ల నీడన, పెంటకుప్ప వేసిన చోట, కాలువ పక్కన మన్ను తీయకండి. పండ్లతోటకైతే పై మన్ను ఒక్కటే చాలదు, లోతు మన్ను విడిగా తీసి పంపాలి.

కత్తెరలు, కొడవళ్ళు తుప్పు పట్టాయి. కొత్తవి కొనాల్సిందేనా?

అక్కర్లేదు. ఇసుకలో కాస్త నూనె కలిపి రుద్దితే పైపై తుప్పు పోతుంది. పదును పెట్టేటప్పుడు పాత వాలునే అనుసరించండి. కొమ్మలు కత్తిరించే కత్తెరను చెట్టుకూ చెట్టుకూ మధ్య 70 శాతం ఆల్కహాల్‌తో తుడిస్తే తెగుళ్ళు ఒకదాని నుంచి ఇంకోదానికి పాకవు. బ్లీచింగ్ నీళ్ళూ పనిచేస్తాయి గానీ ఇనుమును తినేస్తాయి.

డ్రిప్ పైపులు నెలల తరబడి వాడలేదు. అలాగే నీళ్ళు వదిలేయొచ్చా?

వద్దు. ముందు ఫిల్టరు విప్పి కడగండి. తర్వాత లాటరల్ పైపుల (మొక్కల వరసల వెంట సాగే సన్న పైపుల) చివరి మూతలన్నీ తీసి, తేటనీరు వచ్చేదాకా వదలండి. అప్పుడు మూతలు బిగించి ఒక్కో డ్రిప్పర్ చూసుకుంటూ నడవండి. సున్నపు పొర కట్టి మూసుకుపోయినవాటికి ఆమ్ల చికిత్స (ఆమ్లం కలిపిన నీళ్ళతో శుభ్రం చేయడం) కావాలి. అది చేసేటప్పుడు ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి తప్ప, ఆమ్లంలో నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు. ఎగజిమ్మి మొహాన పడుతుంది.

## నేల

నేల దున్నడానికి పదును వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

పైమన్ను చూసి మోసపోకండి. ఎండకు పైన పొడిపొడిగా కనిపిస్తున్నా, జానెడు లోతున ఇంకా బురదగా ఉండొచ్చు. ఆ లోతు నుంచి పిడికెడు మన్ను తీసి గట్టిగా నొక్కండి. ముద్ద కట్టి, బొటనవేలితో తడితే పొడిగా విరిగిపోతే పదును ఉన్నట్టు. వేళ్ళ మధ్య నిగనిగలాడుతూ పట్టీలా సాగితే ఇంకా తడి ఉన్నట్టు. అసలు ముద్దే కట్టకపోతే తడి ఆరిపోయింది, ఒక తడి ఇచ్చి రెండు మూడు రోజులు ఆగి దున్నుకోవాలి. ఇసుక నేల మాత్రం తడిగా ఉన్నా పట్టీలా సాగదు. దాంట్లో నీళ్ళు త్వరగా దిగిపోతాయి కాబట్టి అంత భయం లేదు.

ఈ కాలంలో జరిగే పొరపాట్లన్నిటిలోకీ తడి నేలలో దిగడమే ఖరీదైనదని నా అభిప్రాయం. గింజ తప్పితే ఇంకోసారి వేసుకుంటాం. నల్లరేగడి గానీ బంకమట్టి గానీ తడిగా ఉన్నప్పుడు దున్నితే గాలి ఆడే సందులన్నీ మూసుకుపోతాయి, లేచిన బెడ్డలు ఎండాక రాళ్ళలా బిగుసుకుంటాయి. ఒక ఏడు తొందరపడి మూడు రోజుల ముందే ట్రాక్టరు దింపాను. ఆ బెడ్డలు చితకడానికి ఆ పంటకాలమంతా సరిపోయింది, చక్రాల జాడల్లో మొక్కలు మోకాలెత్తు కూడా లేవలేదు. పెరటి మడికీ ఇదే వర్తిస్తుంది. తడి మడిలోకి దిగక తప్పకపోతే ఒక చెక్కపలక వేసుకుని దాని మీద నిలబడండి, బరువు ఒకేచోట పడదు.

పశువుల ఎరువు పచ్చిదే దొరికింది. ఇప్పుడే చల్లేయొచ్చా?

విత్తే ముందు పచ్చి ఎరువు వేయకండి. కుళ్ళేటప్పుడు వేడి పుడుతుంది, అమ్మోనియా లేత వేర్లను మాడుస్తుంది. పైగా అందులోని కలుపు గింజలు చావవు, వేరుపురుగు దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. కుప్పగా పోసి, తడిపి, నెలకోసారి తిరగేస్తూ మాగనివ్వండి. పచ్చిగా తినే ఆకుకూరలు, ముల్లంగి, క్యారట్ వేసే మడిలో ఇంకా జాగ్రత్త కావాలి, పేడలోని రోగక్రిములు నేరుగా కూరకు అంటుతాయి. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లో ఇందుకు ఒక లెక్క ఉంది: తినే భాగం నేలకు తగిలే పంటైతే పచ్చి ఎరువుకూ కోతకూ మధ్య 120 రోజులు, తగలనిదైతే 90 రోజులు. మీరు ఎక్కడ సాగు చేస్తున్నా పాటించదగ్గ లెక్కే.

కంపోస్టు తయారైందని ఎలా గుర్తుపట్టాలి?

వేసిన వస్తువులు ఇవీ అని పోల్చుకోలేని స్థితికి రావాలి. వాన పడ్డ మన్ను వాసన రావాలి. కుప్ప లోపల చెయ్యి పెడితే వేడి తగలకూడదు. ఇంకా అనుమానంగా ఉంటే, తడిపిన కంపోస్టు కొంచెం ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి మూడు రోజులు ఉంచి విప్పండి. ముక్కు మూసుకోవాల్సి వస్తే ఇంకా మాగాలి. కుప్ప నెలల తరబడి చల్లగా, కదలక మెదలక ఉండిపోయిందా? ఎండుటాకులు ఎక్కువై పచ్చిచెత్త తక్కువై ఉంటుంది, లేదా ఆరిపోయి ఉంటుంది. పచ్చిచెత్త కలిపి, నీళ్ళు చిలకరించి తిరగేయండి. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు కారేంత తడి చాలు.

పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము, జీలుగ వేశాను. ఎప్పుడు కలియదున్నాలి?

పూత తొలిమొగ్గ కనిపించగానే. అప్పటికి కాడ లేతగా ఉంటుంది, త్వరగా చివుకుతుంది. పూత ముదిరి కాయ కట్టేదాకా ఆగితే కాడలో నార పెరిగి నెలలు పడుతుంది. కలియదున్నాక రెండు మూడు వారాలు ఆగి విత్తండి. నేలలో తడి లేకపోతే ఆ గడువు ఇంకా పెరుగుతుంది.

విత్తకముందే కలుపు తగ్గించుకునే ఉపాయం ఉందా?

ఉంది, అదీ చవకైనది. మడి తయారుచేసి, గింజ వేయకుండా ఒక తడి ఇవ్వండి. పది పదిహేను రోజుల్లో కలుపు మొలుస్తుంది. రెండాకుల దశలో ఉండగానే పైపైన, వేలెడు లోతు మించకుండా గీకేసి అప్పుడు విత్తండి. లోతుగా తవ్వారంటే అడుగున నిద్రపోతున్న గింజలు వెలుగు చూసి లేస్తాయి, చేసిన పనంతా వృథా. తుంగకు మాత్రం ఇది పనిచేయదు. దాని గడ్డలు అడుగున ఉంటాయి, తవ్వి ఏరాల్సిందే.

గడ్డి మల్చింగ్ ఇప్పుడే వేసేయనా?

మీ నేల ఇంకా చల్లగా ఉంటే వేయకండి. గడ్డి ఎండను నేలకు తగలనివ్వదు, నేల వేడెక్కడం ఆలస్యమవుతుంది, కింద నత్తలు చేరతాయి. ఎండలు అప్పటికే పెరుగుతుంటే మొక్క జానెడు ఎత్తు రాగానే ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మందాన పరవండి. ఎటు చూసినా కాండం చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ వదలాలి.

## విత్తనం, నారు

ఏ గింజలు ముందు వేయాలి, ఏవి ఆగాలి?

ఇక్కడ చూడాల్సింది నేల వేడిమి, గాలి వేడిమి కాదు. పొద్దున్నే రెండంగుళాల లోతున థర్మామీటరు గుచ్చి, వరసగా మూడు నాలుగు రోజులు చూడండి. మిట్టమధ్యాహ్నం చూసిన అంకె మిమ్మల్ని మురిపిస్తుంది, అంతే.

బఠానీ, పాలకూర, ముల్లంగి, క్యారట్ చల్లటి నేలను తట్టుకుంటాయి, 7 డిగ్రీల దగ్గరే మెల్లగా కదులుతాయి. మొక్కజొన్నకు కనీసం 10 దాటాలి, 12 నుంచి 15 ఉంటే నయం. బెండ, దోస, సొర, బీర, గుమ్మడి గింజలు 16 లోపు వేస్తే మొలవడం మాట అటుంచి, నేలలోనే కుళ్ళుతాయి. వాటికి 25 నుంచి 35 డిగ్రీలు హాయి. టమాటాకు 25 నుంచి 30, మిరపకూ వంగకూ 27 నుంచి 30 ఉంటే చకచకా లేస్తాయి. నారు పోసేది ఇంట్లోనో షెడ్డులోనో అయితే బయటి చలితో పనిలేకుండా ముందే మొదలుపెట్టొచ్చు.

చల్లటి నేలలో ముందు వేసిన దోస, రెండు వారాలు ఆగి వెచ్చటి నేలలో వేసిన దోస ఒకేసారి కాపుకొస్తాయి. కొన్నిసార్లు వెనక వేసిందే ముందొస్తుంది.

గింజలు నానబెట్టి వేయమంటారు. అన్నీ నానబెట్టాలా?

కాదు. కాకర, బీర, బెండలాంటి గట్టి పెంకు గింజలకు రాత్రంతా నానబెట్టడం మేలు చేస్తుంది. చిక్కుడు, బీన్స్, బఠానీ లాంటి పప్పు జాతి గింజలు ఎక్కువసేపు నానితే పగిలి కుళ్ళుతాయి. వాటిని పొడిగానే, తడి ఉన్న నేలలో వేయండి. చిన్న గింజలు నానబెడితే చేతికి అంటుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

విత్తనశుద్ధిలో (విత్తే ముందు గింజకు మందు పట్టించడంలో) ఏది ముందు, ఏది వెనక?

తెగులు మందు, తర్వాత పురుగు మందు, చివర రైజోబియం లాంటి జీవన ఎరువు. ప్రతిదాని తర్వాతా నీడలో ఆరనివ్వాలి. తెగుళ్ళను అణిచే ట్రైకోడెర్మా పట్టించాలనుకుంటే రసాయన తెగులు మందు జోలికి పోకండి, తెగుళ్ళు తెచ్చే బూజుల్లాగే ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, ఆ మందు దాన్నే చంపుతుంది. మందు పట్టించిన గింజ మిగిలితే ఇంట్లోకి తేవద్దు, కోళ్ళకు వేయొద్దు.

ఎంత లోతున వేయాలి?

గింజ మందానికి రెండు మూడింతలు. తోటకూర గింజ అయితే పైన చిటికెడు మన్ను చల్లి నొక్కితే చాలు. మొలక రాలేదని నాకు చెప్పినవాళ్ళలో ఎక్కువమంది గింజను పాతిపెట్టినవాళ్ళే.

నారు సన్నగా, పొడుగ్గా సాగి వాలిపోతోంది. ఎరువు వేయనా?

వేయకండి, ఇంకా సాగుతుంది. దానికి కావలసింది వెలుతురు. కిటికీ దగ్గర మనకు ఎంత వెలుగున్నట్టు అనిపించినా మొక్కకు చాలదు. మొలక తల ఎత్తిన రోజు నుంచే ఎండ పడే చోటికి మార్చండి. సాధ్యం కాకపోతే ఎల్ఈడీ దీపం జానెడు ఎత్తున పెట్టి రోజుకు 14 గంటలు వెలిగించండి. ఇప్పటికే సాగిపోయింది టమాటా నారైతే నాటేటప్పుడు కాండాన్ని కింది ఆకుల దాకా పాతేయండి, పాతిన మేరా వేర్లు పుడతాయి. మిరప, వంగలకు ఈ చిట్కా అంతగా పనిచేయదు.

నారు బాగానే మొలిచింది, రాత్రికి రాత్రి మొదట్లో మెత్తబడి పడిపోతోంది. ఏమిటిది?

నారుకుళ్ళు. పిథియం, రైజోక్టోనియా లాంటి నేలలోని సూక్ష్మక్రిముల పని. మొదట్లో కాండం నీరు పట్టి దారంలా సన్నబడుతుంది, మొక్క ఒరిగిపోతుంది. పడ్డవాటిని బతికించలేం. వాటిని చుట్టుపక్కల మన్నుతో సహా తీసేసి, ఒకటి రెండు రోజులు నీళ్ళు ఆపి, గాలి ఆడనివ్వండి.

ఒత్తుగా చల్లడం, సాయంత్రాలు నీళ్ళు పోయడం, నీరు నిలిచే మడి, ఈ మూడూ కలిస్తే ఇది రావడం ఖాయం. నారుమడి 15 సెంటీమీటర్లు ఎత్తు చేసి, గింజలు వరసల్లో పలచగా వేసి, నీళ్ళు పొద్దున పోయండి. ట్రేలు పాతవైతే కడిగి ఎండబెట్టకుండా మళ్ళీ నింపకండి.

నారు నాటిన మర్నాడే ఆకులు తెల్లగా మాడిపోయాయి. తెగులా?

ఎండదెబ్బ. నీడలో పెరిగిన ఆకు ఒక్కసారిగా పూర్తి ఎండను భరించలేదు. నాటడానికి వారం పది రోజుల ముందు నుంచి అలవాటు చేయాలి: మొదటి రోజు పొద్దుటి ఎండలో గంటా రెండు గంటలు, రోజురోజుకూ కాస్త పెంచుతూ, చివరికి రాత్రి కూడా బయటే. నీళ్ళు కొంచెం తగ్గించండి, వాడిపోయేదాకా కాదు. నాటడం సాయంత్రం పూట పెట్టుకుని, నాటగానే తడిపి, మూడు నాలుగు రోజులు పైన ఆకుల నీడ కల్పించండి. మీ మొక్కల్లో కొత్త చిగురు పచ్చగానే వస్తుంటే కంగారు పడకండి, కోలుకుంటాయి.

## చెట్లు, పూలమొక్కలు

కొమ్మలు ఇప్పుడు కత్తిరించొచ్చా? పూత పోతుందని భయంగా ఉంది.

ఆ మొక్క ఏ కొమ్మ మీద పూస్తుందో తెలిస్తే భయం ఉండదు. గులాబీ, మల్లె, ద్రాక్ష, మందార కొత్త చిగురు మీద పూస్తాయి, కాబట్టి మొగ్గ ఉబ్బకముందే కత్తిరిస్తే పూత పెరుగుతుంది. పోయినేటి కొమ్మల మీద వసంతంలో పూసేవాటిని ఇప్పుడు కోస్తే ఈ ఏటి పూలు చేజేతులా పారేసుకున్నట్టే, వాటిని పూత అయిపోయాకే ముట్టుకోవాలి. ఎండిన కొమ్మ, తెగులు పట్టిన కొమ్మ, ఒకదానికొకటి రాసుకునే కొమ్మ ఏ కాలంలోనైనా తీసేయొచ్చు. నిమ్మ, బత్తాయి, గులాబీల్లో అంటు కట్టిన చోటుకు కింద లేచే పిలకల్ని కనపడగానే తీసేయండి. అవి వేరుమొక్కవి, వదిలేస్తే పై అంటును మింగేస్తాయి.

గులాబీ ఎక్కడ కోయాలి?

బయటి వైపుకు తిరిగిన చిగురు మొగ్గకు అర సెంటీమీటరు పైన, మొగ్గకు అవతలి వైపు వాలేలా ఏటవాలుగా. కోసిన చోట కాడ మధ్య గోధుమ రంగుగా ఉంటే అది చచ్చిన కొమ్మ, లోపల తెల్లగా కనిపించేదాకా ఇంకా కిందికి కోస్తూ పొండి.

మామిడి పూత మీదుంది. నీళ్ళు పెట్టాలా, మందు కొట్టాలా?

పూత సమయంలో నీళ్ళు పెడితే పూతకు బదులు చిగురు తోస్తుంది. పిందె బఠానీ గింజంత అయ్యాక మొదలుపెట్టండి. ఇక మందుల సంగతి: పూత విచ్చుకున్నప్పుడు పురుగుమందు కొట్టారంటే పుప్పొడి మోసే ఈగలు, తేనెటీగలు పోతాయి, పిందె కట్టదు. తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఏటా వచ్చే తోటైతే పూమొగ్గ విచ్చకముందే చూసుకోవాలి. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు వాడతారు, అదీ ఎండ లేని వేళ. వేడిలో కొడితే గంధకం ఆకునే కాలుస్తుంది.

కుండీ మార్చడానికి ఇది సరైన సమయమేనా?

అవును, వేర్లు కదలడం మొదలయ్యే సమయం. కుండీ అడుగు రంధ్రాల్లోంచి వేర్లు బయటికొస్తున్నా, పోసిన నీళ్ళు ఆగకుండా కారిపోతున్నా మార్చాలి. పాత కుండీ కంటే రెండంగుళాలు వెడల్పైనది చాలు. చిన్న మొక్కను పెద్ద తొట్టిలో పెడితే వేర్లు అందని మన్నులో నీరు నిలిచి కుళ్ళు వస్తుంది. చుట్టలు చుట్టుకున్న వేర్లను వేళ్ళతో విడదీసి నాటండి. ఎరువు మాత్రం కొత్త చిగురు కనిపించాకే.

## నాటాక

అంతా నాటేశాక మళ్ళీ మంచు పడుతుందంటున్నారు. ఏం చేయాలి?

ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి స్తంభించిన రాత్రే భయం. మబ్బు పట్టినా, గాలి వీచినా అంత ప్రమాదం ఉండదు. ముందు రోజు పగలే నేలకు తడి ఇవ్వండి. తడి నేల ఎండ వేడిని ఎక్కువ పట్టుకుని రాత్రంతా మెల్లగా వదులుతుంది. పొద్దు వాలకముందే మొక్కల మీద గుడ్డ కప్పండి, అంచులు నేలను తాకాలి, అప్పుడే నేల వేడి లోపల నిలుస్తుంది. ప్లాస్టిక్ అయితే కర్రలు పాతి ఆకుకు తగలకుండా చూడండి, తగిలిన చోట ఆకు మాడుతుంది. ఎండ రాగానే తీసేయండి. దెబ్బతిన్న ఆకుల్ని వెంటనే కోసేయకండి. వారం ఆగితే ఏది బతికిందో మొక్కే చెబుతుంది.

రోజూ నీళ్ళు పోయాలా?

వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి. అక్కడ తడి ఉంటే వద్దు. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేర్లు పైపైనే పరుచుకుంటాయి, ఎండ ముదిరాక అవే ముందు వాడతాయి. వారానికి రెండుసార్లైనా సరే, లోతుకు దిగేలా పోయండి. కొత్తగా నాటిన నారుకు మొదటి వారం, కుండీలకు ఎప్పుడూ ఈ లెక్క వర్తించదు, అవి త్వరగా ఆరతాయి.

చిగుళ్ళ నిండా పేనుబంక. ఏం కొట్టాలి?

నాలుగు మొక్కలైతే పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి రాల్చేయండి, రాలినవి మళ్ళీ ఎక్కడం తక్కువ. ఎక్కువుంటే 1500 పీపీఎం (మందు గాఢత) వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్ళు కలిపి, సాయంత్రం ఆకుల అడుగున పడేలా పిచికారీ చేయండి. వేసిన యూరియా సంగతి కూడా చూసుకోండి. నత్రజని ఎక్కువైతే చిగురు మెత్తబడి పేనుబంకకు విందవుతుంది.

కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగి ఆకు తిప్పి చూడండి. నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా కనిపించే పురుగు ఉందా? అది అక్షింతల పురుగు పిల్ల, రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తింటుంది. దాన్నే చీడ అనుకుని నలిపేసేవాళ్ళను చాలామందిని చూశాను. అవి కనిపిస్తే మందు వాయిదా వేయండి.

పోయినసారి టమాటా వేసిన చోటే మిరప వేస్తే పంట మార్పిడి అయినట్టేనా?

కాదు. టమాటా, మిరప, వంగ, బంగాళాదుంప ఒకే కుటుంబం. ఒకదాని వడలు తెగులు నేలలో ఉండిపోయి రెండోదానికి అంటుతుంది. ఆ చోట చిక్కుడు జాతిగానీ, ఆకుకూరగానీ, మొక్కజొన్నగానీ వేయండి.

కొత్తిమీర జానెడు కాకముందే పూతకొచ్చేస్తోంది. ఏం లోపం?

లోపమేమీ లేదు, పగలు పొడుగై వేడి పెరిగితే కొత్తిమీర, పాలకూర, ముల్లంగి గింజ కట్టే ప్రయత్నంలో పడతాయి. పూతకాడ తుంచినా మళ్ళీ వస్తుంది. ధనియాలు రెండు బద్దలు చేసి, మధ్యాహ్నం తర్వాత నీడ పడే చోట, పదిహేను రోజులకో వరస చొప్పున వేసుకోండి. ఒక వరస పూతకొచ్చేసరికి ఇంకో వరస కోతకొస్తుంది. పూసిన వరసను పీకేయకండి, పువ్వు మీద వాలే చిన్న ఈగలు పేనుబంక ఉన్న చోట గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు పేనుబంకను తింటాయి.